పొద్దుగాల రంగు

ఆ రోజుల్లో ఆర్మూరు బజారులో నడిచే కుర్రాళ్ల చూపులు మామూలుగా మనిషి ఎత్తులోనే ఉండేవి. కాలేజీ నుంచి వచ్చే ఆడపిల్లలు, కొత్త మోటారు సైకిళ్లు, మిర్చి బజ్జీల కడాయి, ఇవన్నీ ఆ ఎత్తులోనే దొరుకుతాయి కాబట్టి వాళ్లకు మెడ ఎత్తే అవసరం రాలేదు. నా చూపు మాత్రం స్తంభాల చివర ఉండేది. నాకు వీధిలైట్లంటే ఇష్టం. ఈ మాట ఇంత సూటిగా చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అప్పట్లో ఎవరైనా "పైకి ఏం చూస్తున్నవ్‌రా?" అని అడిగితే "మబ్బు పట్టింది" అనేవాణ్ని. (ఎండాకాలంలో కూడా ఇదే చెప్పేవాణ్ని. వాన కోసం ఇంతగా ఎదురుచూసే పిల్లగాడు ఇంకొకడు లేడని పక్కనే ఉన్న పెర్కిట్ ఊరి రైతుల్లో నాకు కొంత మంచిపేరు వచ్చింది. ఆ పేరు నేను సంపాదించింది కాదు గనుక ఇప్పుడు తిరిగి ఇచ్చేస్తున్నాను.)

మాది సిరికొండ. అక్కడ మా వాడకట్టుకు ఉన్నది ఒకే ఒక్క బల్బు. అది వెలిగితే వార్త, ఆరితే మామూలు. డిగ్రీ చదువుకని ఆర్మూరులో పెద్దమ్మ ఇంట్లో దిగిన మొదటి సాయంత్రం ఆ ఇంటి ముందున్న సోడియం లైటు వెలగడం చూశాను. మిగతా లైట్లలా అది టక్కున వెలగలేదు. మొదట లేత గులాబీ రంగులో, నిద్ర చాలని మనిషిలా, కళ్లు సగం తెరిచింది. తర్వాత కాస్త ఎర్రబడింది. కొంతసేపు ఆలోచించింది. చివరికి వాడంతా చిక్కటి పసుపు రంగు పోసింది. నేను చేతిలో పెట్టెతో, చెప్పులు కూడా విడవకుండా, అదంతా అయ్యేవరకూ గుమ్మం ముందే నిలబడ్డాను. పెద్దమ్మ నా వెనకే నిలబడి, "ఏందిరా, ఇంట్లకు రావా? పిలగానికి దిష్టి దాకిందా ఏంది?" అంది. దిష్టి కూడా తీసింది. అది మాత్రం పనిచేయలేదు.

పెద్దమ్మ పసుపు గోదాములో పనికి పోయేది. పొడుగు కొమ్ములు ఒక పక్క, గుండ్రటి మండలు ఒక పక్క ఏరి పోయడం ఆమె పని. ఆమె చేతులు ఏ కాలంలోనూ పూర్తిగా తెల్లబడేవి కావు. ఆమె చేసిన రొట్టెలు పసుపు, నా కాలేజీ చొక్కా కాలర్లు పసుపు, ఒకసారి నా హాల్ టికెట్టు కూడా పసుపు. పెద్దనాన్న మస్కట్‌లో ఉండేవాడు. ఇంట్లో పెద్దమ్మ, ఆమె కూతురు అక్క, నేను. అక్క నాకంటే కొంచెమే పెద్ద గానీ ఆ కొంచెం తేడాను చాలా బాగా వాడుకునేది.

ఇక ఆ సోడియం లైటు కింద జరిగే వ్యాపారం గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా దానిమీదే నడిచింది. మా వాడలో ఆడవాళ్లందరూ పొద్దంతా పసుపు పనికో, మక్క చేన్లకో పోయి, పొద్దు గూకాక ఇల్లు చేరేవాళ్లు. అందుకని చీరలమ్మే మూటల మామ కూడా పొద్దు గూకాకే వచ్చేవాడు. సైకిలు వెనక అతనికంటే పెద్ద మూట. వచ్చి పెద్దమ్మ అరుగు మీద కూర్చుని, మూట విప్పకుండా, "లైటు పండనియ్యుండ్రి" అనేవాడు. లైటు గులాబీ నుంచి పసుపుకు తిరగడాన్ని అందరూ 'పండడం' అనేవాళ్లు. పండగానే ఆడవాళ్లు లైటుకు ఒకసారి దండం పెట్టుకుని, చీరల మీద పడేవాళ్లు.

సోడియం లైటు కింద రంగులుండవు. పసుపు ఉంటుంది, మిగతావన్నీ అనుమానాలు. ఎర్ర చీర మట్టిరంగులో, ఆకుపచ్చ చీర నలుపులో, తెల్లది పసుపులో, నీలం ఏదో పాపం చేసినట్టు కనబడతాయి. మావాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. "గీ నలుపు నలుపు గాదే, పచ్చ" అనీ, "ఉట్టిదే, గది నీలమే" అనీ లెక్కలు వేసుకునే కొనేవాళ్లు. అసలు తమాషా మర్నాడు పొద్దున. నల్ల దగ్గర నీళ్లకు నిలబడ్డప్పుడు రాత్రి కొన్న చీరను ఎండలోకి తెచ్చి విప్పేవాళ్లు. దాన్ని మా వాడలో 'పొద్దుగాల రంగు చూసుడు' అంటారు. అనుకున్న రంగు వచ్చిందా, వాడకు ఒక నవ్వు. రాలేదా, రెండు నవ్వులు. దీనికి ఒకటే కట్టుబాటు: పొద్దుగాల రంగు చూసి చీర వాపసివ్వకూడదు. ఇస్తే ఆటే ఉండదు, మూటల మామా ఉండడు. ఈ కట్టుబాటుకు జడ్జీ మా పెద్దమ్మ. ఎదురింటి వదినె ఒకసారి 'మంచి ముదురు ఊదా' అనుకుని కొన్న చీర పొద్దున చిలకపచ్చగా తేలితే, ఆమె మొహం చిన్నబుచ్చుకుని, "మార్పియ్యవే, నీకు పుణ్యముంటది" అని అడిగింది. పెద్దమ్మ బిందె నెత్తికెత్తుకుంటూ, "లైటు కింద కొన్నప్పుడు నవ్వినవ్ గదా, ఇప్పుడు సుత నవ్వు" అని తీర్పు చెప్పి వెళ్లిపోయింది. ఆ చిలకపచ్చ చీరలో ఎదురింటి వదినె రెండేళ్లు మా ఇంటి ముందు తిరిగింది. కావాలనే తిరిగిందని నా అనుమానం.

ఇంత ప్రశాంతంగా సాగుతున్న వాడలోకి నేను విజ్ఞానాన్ని తెచ్చాను. కాలేజీ లైబ్రరీలో ఒక పత్రికలో ఎల్ఈడీ వీధిలైట్ల గురించి చదివాను. తక్కువ కరెంటు, ఎక్కువ వెలుగు, పట్టణాల భవిష్యత్తు. ఆ పేజీ నాకు ప్రేమలేఖలా కంఠతా వచ్చేసింది. (అసలు ప్రేమలేఖ ఎలా ఉంటుందో నాకు తెలియదు. వీధిలైట్లు చూస్తూ నడిచేవాడికి ఎవరు రాస్తారు?) రోజూ అన్నం దగ్గర ప్రసంగించేవాణ్ని. పెద్దమ్మ ఓపిగ్గా విని, "గా లైటు మంచిదే గని బిడ్డా, పప్పు ఏసుకో" అనేది. అక్క మాత్రం, "తమ్మీ, నీ పెండ్లికి కట్నం కింద ఒక కరెంటు స్తంభం అడుగుతం తియ్యి" అనేది.

నా బాధ పూర్తిగా అర్థమైన మనిషి నిచ్చెన కాక ఒక్కడే. మున్సిపాలిటీలో లైట్లు చూసే ఉద్యోగి. సైకిలుకు నిచ్చెన కట్టుకుని తిరిగేవాడు కాబట్టి ఊరంతటికీ ఆ పేరే. ఆయన స్తంభం ఎక్కితే నేను కింద నిలబడి ప్రశ్నలు అడిగేవాణ్ని. ఒకనాడు పైనుంచే, "అరేయ్, ఇన్నేండ్లల్ల జనం నాకు లైటు ఎలుగుతలేదని చెప్పుడే గని, ఎట్ల ఎలుగుతదని అడిగింది నువ్వొక్కనివే" అన్నాడు. ఆ మాటకు నేను కరిగిపోయాను, ఆయన కూడా కరిగిపోయినట్టే ఉంది, ఎందుకంటే వెంటనే ఒక రహస్యం చెప్పాడు. ఎవరో కంపెనీవాళ్లు ఆఫీసుకు ఒక ఎల్ఈడీ లైటు నమూనా ఇచ్చిపోయారు. ఏదో ఒక వాడలో పెట్టి చూడాలి. ఎక్కడ పెట్టాలో ఇంకా అనుకోలేదు. ఆ తర్వాత నేను నిచ్చెన కాక సైకిలు వెంట తిరిగినంతగా చదువు వెంట తిరిగి ఉంటే ఈపాటికి ఇంకేదో అయ్యేవాణ్ని.

సరిగ్గా అప్పుడే అక్క పెండ్లి కుదిరింది. సంబంధం బాల్కొండది. పెండ్లికొడుకు తల్లి మాటకు గట్టి మనిషి. నిశ్చయం రోజున ఆమె, "మాకు గది గావాలె గిది గావాలె అని ఏం లేదు వదినె. పిల్లను పసుపు చీరల చూపియ్యి, సాలు. నిండు పసుపు" అని ఒక్కటే కోరింది. పసుపు రాసే వేడుకకు తనే స్వయంగా వస్తానంది. పసుపు ఉడకబెట్టే కాలం కావడంతో వాళ్లకు పగలు తీరిక దొరకదు, అందుకని పొద్దు గూకే వేళకు వస్తామన్నారు. పెద్దమ్మ ఆ ఒక్క కోరికను పెద్ద గౌరవంగా తీసుకుంది. "బంగారం అడిగితే లేదంటుంటి. పసుపు అడిగింది. పసుపు నాకు జెప్పాల్నా?" అని తన చేతులు తనే చూసుకుని మురిసిపోయింది.

ఆ చీర మూటల మామ దగ్గరే కొనాలని ఆమె పట్టు. అంత ముఖ్యమైన చీరను సోడియం లైటు కింద కొనడమేమిటని నా పట్టు. "పెద్దమ్మా, పొద్దుగాల రంగుల ఆట పెండ్లి చీరతోని ఆడుతవా? నేను నిజం చెప్పే లైటు తెప్పిస్త" అన్నాను. వేడుకకు ముందు రోజు మధ్యాహ్నం నిచ్చెన కాక వచ్చి, పాత లైటు దించి, నా ఎల్ఈడీని బిగించాడు. నేను కింద నుంచి స్క్రూలు అందిస్తూ, నా జీవితంలో ఇంతకంటే మంచిరోజు రాదనుకున్నాను.

సాయంత్రం వాడంతా చేరింది. మూటల మామ వచ్చి కూర్చుని, అలవాటుకొద్దీ "లైటు పండ..." అంటుండగానే, ఫట్‌మని వెలిగింది. పండడం లేదు, దోరగా మాగడం లేదు. దండం పెట్టుకోవడానికి లేచిన చేతులు సగంలో ఆగిపోయాయి. తెల్లగా, నీలంగా, చల్లగా, ప్రతి గోడ మీది పగుళ్లు లెక్కపెడుతున్నట్టు వెలుగు. చివరికి ఎదురింటి వదినె, "దవాఖానల గూసున్నట్టున్నదే" అంది. మూటల మామ తన చేతులు తనే తిప్పి చూసుకుని, "నాకు పాణం బాగలేదా ఏంది, గిట్ల అవుపడుతున్న?" అన్నాడు. నేను అరుగెక్కి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఈ రోజు నుంచి మన వాడలో మోసం లేదు, సాయంత్రం రంగే పొద్దుగాల రంగు, అని. చప్పట్లు వస్తాయనుకున్న చోట ఒక కుక్క మొరిగింది.

తర్వాత చీరలు పరిచారు. మూటల మామ తెచ్చిన పసుపు చీరలన్నీ ఆ వెలుగులో పాలిపోయి, పచ్చి నిమ్మకాయల్లా కనబడ్డాయి. "గిది పసుపా? కామెర్ల రోగం లెక్కున్నది" అని పెద్దమ్మ ఒక్కొక్కటీ పక్కకు తోసింది. మూట అడుగున ఉన్న ఒక చీర తీసి విప్పగానే ఆమె కళ్లు వెలిగాయి. నిండుగా, ముదురుగా, గోదాములో కుప్పపోసిన కొమ్ముల్లా ఉంది. మూటల మామ ఏదో చెప్పబోయాడు. "వదినె, గది జర..." అన్నాడు. నేను చెయ్యెత్తి, "మామా, లైటు చెప్తుంది, నువ్వు చెప్పకు" అన్నాను. పెద్దమ్మ నన్ను చూసి, "నువ్వు జెప్పురా, సదువుకున్నోనివి. గిది పసుపేనా?" అంది. "పెద్దమ్మా, ఈ లైటు అబద్ధమాడదు" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఎంత నిబ్బరంగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. అంత నిబ్బరం మళ్లీ నాకు ఎప్పుడూ రాలేదు.

ఆమె అప్పటికప్పుడే చీర నాలుగు మూలలకూ పసుపు పెట్టి, దేవుని ముందు పెట్టి మొక్కింది. మావైపు ఒకసారి పసుపు పెట్టి దేవునికి చూపిన బట్ట పెండ్లిపిల్లదే, ఇక మార్చకూడదు. ఆ పసుపు మరకలు కూడా చీరలో కలిసిపోయినట్టే కనబడ్డాయి. నేను వాటిని చూపించి, "చూసిండ్రా, రెండూ ఒక్కటే రంగు" అని వాడకు నిరూపించాను.

మర్నాడు పొద్దున నల్ల దగ్గర చీర విప్పారు. కాషాయం.

లేత కాషాయం, కాస్త కాషాయం అని చెప్పుకునే వీలు కూడా లేదు. స్వాములవార్లు కట్టుకునే అసలు కాషాయం. నా లైటు అందులోని ఎరుపును మింగేసి పసుపు ఒక్కటే చూపించింది. నాలుగు మూలలా పెద్దమ్మ పెట్టిన పసుపు, నేను నిరూపించిన పసుపు, చక్కగా వేరుగా మెరుస్తోంది. బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ నల్ల కట్టలేదు. అప్పుడు ఎదురింటి వదినె, ఆ రోజు చిలకపచ్చ చీరే కట్టుకుని ఉంది, నిదానంగా ముందుకొచ్చి, "ఏంది వదినె, పిల్లను బాల్కొండకు తోలిస్తున్నవా, సిద్ధుల గుట్ట మీదికి తోలిస్తున్నవా?" అంది. (సిద్ధుల గుట్ట ఆర్మూరు పక్కనే ఉంది. పాతకాలంలో సాధువులు అక్కడ తపస్సు చేశారంటారు. అక్క అప్పటికి ఇంకా అటువైపు మొగ్గు చూపలేదు.) ఇంకొకామె, "కమండలం సుత కొన్నరా మరి?" అంది. అక్క నవ్వాలో ఏడవాలో తెలియక, రెండూ నా వీపు మీద గుద్దులుగా మార్చింది. "అబద్ధమాడని లైటు! అబద్ధమాడని లైటట!"

పెద్దమ్మ మాత్రం నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. చీర ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని, చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంది. "ఇన్నేండ్లు పసుపులనే బతికిన. పసుపు రంగు నేను గుర్తువట్టకపోతిని గదరా. ఆమె ఒక్కటంటె ఒక్కటే అడిగె" అంది. వాపసివ్వమని ఎవరూ సలహా ఇవ్వలేదు. కట్టుబాటు ఆమెదే, పైగా చీర దేవుని ముందు పెట్టినది. సాయంత్రానికి బాల్కొండ నుంచి ఆటో వచ్చేస్తుంది. ఆ గట్టిమనిషి ముందు కూతురిని సన్యాసిని బట్టల్లో కూర్చోబెట్టాలి. నాకు మొదటిసారి, వీధిలైట్ల కంటే మబ్బులే మంచివనిపించింది.

దారి చూపించింది ఎదురింటి వదినే. వాడంతా నవ్వినంక, ఆమె వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చుని, చీర అంచు వేళ్లతో రుద్ది చూసి, "గింత దానికి మొకం ఏలాడేసుకుంటవేందే? పాత లైటు తెచ్చి పెట్టియ్యరాదు. గా లైటు కింద గాడిద సుత పసుపే" అంది. పెద్దమ్మ తలెత్తింది. అందరూ నా వైపు తిరిగారు. అంటే, ఎల్ఈడీని తెచ్చినవాడే దాన్ని దింపించాలి.

నిచ్చెన కాక మున్సిపాలిటీ వెనక వరండాలో టీ తాగుతున్నాడు. విషయం విని, టీ గ్లాసు పక్కన పెట్టి, చాలాసేపు నవ్వు దాచుకోవడానికి ప్రయత్నించాడు. "మొన్నటి దాంక పెట్టు పెట్టుమని నా పాణం దీస్తివి. ఒక్క పూట ఎలిగిందో లేదో దియ్యమంటున్నవ్. గది లైటా, కొత్త అల్లుడా?" అన్నాడు. "కాకా, అక్క పెండ్లి" అన్నాను. ఆ రెండు మాటలు సరిపోయాయి. "నడువ్ నడువ్" అని లేచాడు. పాత లైటు, దాన్ని వెలిగించే ఇటుకరాయంత బరువున్న చోకు, రెండూ నా చేతుల్లో పెట్టాడు. నేను సైకిలు వెనక కూర్చుని, వాటిని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని ఆర్మూరు బజారు నడుమ నుంచి వెళ్లాను. నా క్లాసు వాళ్లు చూశారు. ఆ రోజు మబ్బుల గురించి ఎవరూ అడగలేదు. నిచ్చెన కాక స్తంభమెక్కి నా భవిష్యత్తును దింపి నాకిచ్చి, గతాన్ని పైకి అందుకున్నాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను.

పొద్దు గూకింది. ఇంట్లో లైట్లన్నీ ఆర్పేయమని, ఎవరూ కెమెరా ఫ్లాష్ కొట్టకూడదని హుకుం జారీ చేశాను. బాల్కొండ ఆటో వచ్చింది. పెండ్లికొడుకు తల్లి దిగి, కాళ్లు కడుక్కుని, "ఏదీ పిల్ల?" అంది. లైటు ఇంకా గులాబీగానే ఉంది. పెద్దమ్మ చేతులు నలుపుకుంటూ, "జర కూసో వదినె. లైటు పండనీ" అంది. ఆ మాటకు ఆమె తల పైకెత్తి లైటు వైపు చూసింది. తర్వాత పెద్దమ్మ వైపు చూసింది. "ఆఁ, పండనీ" అని పీట మీద కూర్చుంది.

లైటు పండింది. ఎదురింటి వదినె అక్కను చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది. నేను లైట్ల గురించి ఎన్నో చదివాను, కానీ ఆ నిమిషంలో చూసింది ఏ పత్రికలోనూ రాయలేదు. కాషాయం ఎక్కడో పోయింది. చీర నిండు పసుపు. అక్క ముఖం పసుపు, చుట్టూ కూర్చున్నవాళ్ల చేతులు, గోడలు, ముగ్గు, అరుగు కింద పడుకున్న కుక్క, అన్నీ పసుపే. మా వాడ మొత్తానికి ఎవరో ముందే పసుపు రాసి కూర్చోబెట్టినట్టుంది. పెద్దమ్మ ఊపిరి వదిలిన చప్పుడు నాకు స్తంభం దగ్గరిదాకా వినబడింది.

సరిగ్గా అప్పుడు కరెంటు ఒకసారి కన్ను కొట్టింది. కొట్టి, వెంటనే వచ్చేసింది. కానీ సోడియం లైటు అలా కాదు. వేడి మీద ఆరిపోతే మళ్లీ చల్లబడేదాకా అలుగుతుంది, ఎవరు బతిమాలినా వెలగదు. వాడంతా చీకటి. బాల్కొండ వాళ్లలో ఒక పెద్దాయన జేబులోంచి సెల్‌ఫోను తీసి, "ఆగుండ్రి, టార్చి ఏస్త" అన్నాడు.

"వెయ్యకుండ్రి!" అని నేను అరిచాను. ఆ అరుపు పెర్కిట్ దాకా వినబడి ఉంటుంది. బాల్కొండ వాళ్లంతా నా వైపు తిరిగారు. ఏదో ఒకటి చెప్పాలి. "పురుగులొస్తయి" అన్నాను. శీతాకాలం చివర, గాలి కూడా కదలని చోట, ఒక చిన్న సెల్‌ఫోను వెలుగుకు ఎన్ని పురుగులు వస్తాయో ఎవరైనా అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. పెద్దాయన అప్పటికే బటన్ నొక్కేశాడు. నా ఎల్ఈడీ నీలం లేని, ఎండలాంటి తెల్లటి వెలుగు అక్క మోకాళ్ల మీద ఒక్క క్షణం పడింది. ఆ క్షణంలో కాషాయం మెరిసింది.

"ఆర్పు ఆర్పు" అంది పెండ్లికొడుకు తల్లి. "పిలగాడు చెప్తుండు గదా, పురుగులొస్తయని. చీకట్ల పాటలు పాడుకుందం."

అని ఆమే మొదలుపెట్టింది. మావాళ్లు అందుకున్నారు. చీకట్లో ఎవరి గొంతు ఏదో తెలియకుండా పాట నడుస్తుంటే, పైన లైటు మళ్లీ నెమ్మదిగా గులాబీ అయింది, ఎర్రబడింది, పండింది. ఆమె లేచి అక్క దగ్గరికి వెళ్లి, రెండు చెంపలకూ పసుపు రాసి, చీర అంచు పట్టుకుని వేళ్లతో ఒకసారి తడిమి, "మంచిగున్నది వదినె. నేనడిగిన రంగే" అంది. పెద్దమ్మ తల ఊపింది. నేను స్తంభానికి ఆనుకుని, ఆ లైటుకు దండం పెట్టుకున్నాను. అంతవరకూ నేను ఆ లైటును చూశానే తప్ప దండం పెట్టలేదు.

తర్వాత నా ఎల్ఈడీని బస్టాండు దగ్గర పెట్టారు. అక్కడ ఎవరూ చీరలు కొనరు కాబట్టి అది చాలాకాలం క్షేమంగా వెలిగింది. నేను చదివింది, ఉద్యోగం చేసింది కూడా లైట్లలోనే. కొన్నేళ్లకు ఊరి లైట్లన్నీ మార్చే పనిలో నేనూ ఒకణ్నయ్యాను. ఇప్పటి ఎల్ఈడీలు ఆ రోజుల నాటి వాటిలా కావు. ఎరుపును ఎరుపుగా, పసుపును పసుపుగా చూపిస్తాయి. మా వాడలో లైటు మార్చిన రోజు నేనే దగ్గరుండి చూశాను. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చుట్టూ చూసి, "మంచిగున్నది బిడ్డా. అన్ని అవుపడుతున్నయి" అంది. కాస్త ఆగి, "అన్ని అవుపడుతున్నయి" అని మళ్లీ అంది. రెండోసారి అన్నది మెచ్చుకోలో కాదో నేను విచారించలేదు. మూటల మామ అప్పటికే మానేశాడు. ఆడవాళ్లు దుకాణాలకు పోయి, అనుకున్న రంగే కొనుక్కుని వస్తున్నారు. పొద్దున నల్ల దగ్గర నవ్వడానికి ఇంకేదో వెతుక్కుంటున్నారు.

ఆ సాయంత్రమే పుట్టింటికి వచ్చిన అక్క నాకు ఇన్నాళ్లూ చెప్పని సంగతి చెప్పింది. పెండ్లయి బాల్కొండ పోయిన కొత్తలో ఒక పొద్దున ఆ చీర ఉతికి దండెం మీద ఆరేసిందట. ఎండలో కాషాయం భగ్గుమంటోంది. ఎవరూ చూడకముందే తీసేద్దామనుకునేలోపు అత్తమ్మ వచ్చి నిలబడిందట. చీరను పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, అక్క మొహంలోకి చూసి, "పొద్దుగాల రంగు గిదా?" అని అడిగిందట.

ఆ మాట మా వాడది, బయటివాళ్లకు తెలిసే వీలు లేదు. అత్తమ్మ లోపలికి తీసుకుపోయి తన పెట్టె తెరిచి చూపించిందట. ఊదా అనుకుని కొన్న ఆకుపచ్చలు, ఎరుపనుకుని కొన్న మట్టిరంగులు, పసుపనుకుని కొన్న ఒక తెల్ల చీర. "మా ఇంటి ముంగట సుత గదే లైటు బిడ్డా. మూటల మామ మా కాడికి మంగళారం వస్తుండె" అందట. "గారోజు మీ అమ్మ లైటు పండనీ అన్నప్పుడే నాకు సమజైంది. టార్చి ఏసినప్పుడు కండ్లతోని చూసిన."

"మరి ఎందుకు ఊకున్నవ్ అత్తమ్మా అని అడిగితివా?" అన్నాను.

"లైటు సంగతంత జెప్పి అడిగిన. పిల్ల కోసం లైటు మార్పిచ్చిన ఇంటోళ్లు పిల్లను మంచిగనే పెంచి ఉంటరు అన్నది" అంది అక్క. "ఇంకోటి సుత అన్నది. పురుగులొస్తయన్న గా పిలగాడెవడో గని, వానికి అబద్ధం జెప్పుడు రాదు అని."

నిచ్చెన కాక రిటైరయ్యేటప్పుడు ఆ సోడియం లైటును, దాని చోకును పాత సామాన్లలోంచి ఆఫీసులో అడిగి తీసుకుని నాకిచ్చాడు. ఇప్పుడు అది మా డాబా మీద ఉంది. ఏ కారణమూ లేకుండా కొన్ని సాయంత్రాలు దాన్ని వెలిగిస్తాను. (కరెంటు వృథా అని నా ఉద్యోగం నాకు గుర్తు చేస్తుంది. వినబడనట్టు ఉంటాను.) దాని కింద కూర్చుని, అది గులాబీ నుంచి పసుపుకు తిరిగేదాకా మెడ ఎత్తి చూస్తుంటే, చేతిలో పెట్టెతో పెద్దమ్మ గుమ్మంలో నిలబడ్డ ఆ సిరికొండ కుర్రాడు పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. వాడికి అన్నీ స్పష్టంగా కనబడాలని తొందర. నాకు లేదు. నిన్న సాయంత్రం మా ఆవిడ పైకి వచ్చి, నేను వేసుకున్న కొత్త చొక్కా చూసి, "ఇదేం రంగండీ?" అని అడిగింది.

"పొద్దున చూద్దాం" అన్నాను.